భీము రాని రోజు: సిరిసిల్ల నేతకు సాయం ఎక్కడ అందాలి?

నేత సంక్షోభం మీద వచ్చిన రచనల్లో చాలావాటికి మరమగ్గం ముద్దాయి, చేనేత బాధితురాలు. సిరిసిల్ల ఈ లెక్కకు లొంగదు. విధానాలు రాసేవాళ్లదీ తప్పు లెక్కే: వాళ్లు మరమగ్గాన్నే ఒడ్డుగా చూపారు. వారిలో ఎస్.ఆర్. సత్యం కమిటీతోనే నా ప్రధాన పేచీ. సాదా గుడ్డ నేసే చేనేత కార్మికులు పోటీకి నిలవలేరని, వారిని మరమగ్గాలకో వేరే పనులకో మళ్లించాలని 1999లో ఆ కమిటీ చెప్పింది. సిరిసిల్ల పద్మశాలీలు అప్పటికే ఆ దారి పట్టి ఉన్నారు. భివండి, షోలాపూర్‌లకు వలస వెళ్లి పని నేర్చి, అక్కడి పాత సాంచాలు (మరమగ్గాలు) కొనితెచ్చి పెట్టుకున్నారు. కమిటీ చూపిన ఒడ్డుకు ముందే చేరిన ఈ ఊరే 2000 తర్వాత ఆత్మహత్యలతో వార్తలకెక్కింది.

2001లో దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు పోయాయి. 2005 జనవరి 1 నాటికి మల్టీ ఫైబర్ ఒప్పందపు కోటాలూ పోయాయి. నూలు ధర ప్రపంచ విపణిని బట్టి కదులుతుంది, గుడ్డ ధర సూరత్, భివండి బేరాన్ని బట్టి తేలుతుంది. మధ్యలో కోత పెట్టడానికి దొరికేది కూలి ఒక్కటే. ఆదిలాబాద్ పత్తి జిన్నింగు దాటి బయటికి పోతుంది, సిరిసిల్లకు నూలు బయటినుంచి వస్తుంది. అంతర్గాం నూలు మిల్లు మూతపడ్డాక ఆ దూరం తగ్గలేదు.

సాంచాల షెడ్డులో పని ఎలా నడుస్తుందో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. యజమాని పడుగు పోగులు చుట్టిన భీములూ, నూలూ ఇస్తాడు. ఆసామి తన సాంచాల మీద నేయించి, కరెంటు బిల్లూ కూలీ తనే భరిస్తాడు. కార్మికుడు రెండు వరసల మధ్య తిరుగుతూ, కండె అయిపోయిన చోట సాంచా ఆపి, కొత్త కండె పెట్టి, తెగిన పోగు ముడివేస్తాడు. అతనికి మీటరు లెక్కన కూలి. గిరాకీ పడిపోతే యజమాని ఎవరినీ తీసేయడు, భీము పంపడం మానేస్తాడు. సాంచా ఆగుతుంది. నోటీసు ఉండదు, పేరు కొట్టేయడం ఉండదు. ఉపాధి పోయిందని చూపే కాగితం ఒక్కటీ పుట్టదు.

దిగుమతుల వల్ల పని పోయినవారికి భృతి, శిక్షణ ఇచ్చే పథకాన్ని అమెరికా 1962లో మొదలుపెట్టింది. పని పోయిందని ధ్రువీకరణ జరిగాకే అందులో సాయం అందేది. అలాంటిది ఇక్కడికి తెస్తే సిరిసిల్లలో ఒక్కడికీ అందదు. ఆధునిక మగ్గాల కోసం తీసుకున్న అప్పు మీద వడ్డీ రాయితీ ఇచ్చిన 1999 నాటి కేంద్ర పథకం కూడా, అప్పు పుట్టించుకోగలవాడికే దక్కింది.

భీము వచ్చేలా చేసింది 2017లో మొదలైన తెలంగాణ ప్రభుత్వపు బతుకమ్మ చీరల ఆర్డరు. మొదటి ఏడాది కొన్ని చీరలు సూరత్ నుంచి తెప్పించి ప్రభుత్వం చెడ్డపేరు తెచ్చుకుంది. తర్వాత ఏటా కోటి దాకా చీరల పని ప్రధానంగా సిరిసిల్లకే దక్కింది. భివండి బస్సెక్కినవాళ్లు కొందరు తిరిగివచ్చారు. శిక్షణా తరగతులు ఇన్నేళ్లలో చేయలేని పని ఇది. 2024లో ఆ ఆర్డరు ఆగి, బకాయిలు పేరుకుని, ఆత్మహత్యల వార్తలు మళ్లీ వచ్చిన మాట నిజమే. అది ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడటంలోని లోపం, ఆర్డరు అనే మార్గంలోని లోపం కాదు.

వేములవాడలో పెట్టిన నూలు డిపోకు తోడు, మూడేళ్లకు ముందే ఖరారు చేసిన ఆర్డర్లు కావాలి. బడి యూనిఫాంలు, ఆసుపత్రి దుప్పట్లు, హాస్టళ్ల పక్కగుడ్డలు అందులో చేరాలి. సిరిసిల్లకే కాదు, కోరుట్ల, మెట్‌పల్లి బీడీ ఇళ్లలో ఆకూ తంబాకూ రాని రోజుకూ, నిర్మల్‌లో బొమ్మ అమ్ముడుపోని నెలకూ మందు ఇదే: ముందు పని, తర్వాత శిక్షణ.