తెల్లబట్ట కోసం నల్లధూళిలో

పందొమ్మిదో శతాబ్దపు గ్లాస్గోలో మిల్లుబట్ట మల్లెపువ్వులా తెల్లబడాలంటే బ్లీచింగ్ పౌడర్ కావాలి. దానికి క్లోరిన్, క్లోరిన్ తయారీకి మాంగనీసు ఖనిజం. ఆ నల్లటి ఖనిజాన్ని మెత్తగా నూరడం కొందరు కూలీల వంతు. ఒంటినిండా ధూళి, పీల్చే గాలిలోనూ ధూళే.

ఆ కూలీలకు మొదట కాళ్లలో సత్తువ పోయింది. నిలబడితే తూలడం, అడుగు వేయబోతే ముందుకు పడబోతున్నట్టు పరుగులాంటి నడక. ముఖంలో కండరాలు సడలాయి. గొంతు గుసగుసకు దిగిపోయింది. మాట్లాడుతుంటే చొంగ కారేది. చేతులు మాత్రం వణకలేదు. పార్కిన్సన్ అనే డాక్టరు వణుకుడు వాతం (నేటి పార్కిన్సన్ వ్యాధి) గురించి రాసిన 20 ఏళ్లకు, 1837లో, జాన్ కూపర్ అనే వైద్యుడు ఇలాంటి ఐదుగురి గురించి రాశాడు. పని చేసి ఇల్లు నడిపిన ఆ మనుషులు ఇంట్లో నాలుగడుగులు నడవలేని స్థితికి వచ్చారు.

అన్నంతో లోపలికి వెళ్లే మాంగనీసులో ఎక్కువైనదాన్ని కాలేయం పైత్యరసంతో బయటికి పంపేస్తుంది. ఊపిరితో వెళ్లింది అలా కాదు, ముందు కాలేయాన్ని దాటకుండానే రక్తంలో కలిసి మెదడుకు చేరుతుంది. మెదడు లోతుల్లో, కదలికలను అదుపుచేసే గ్లోబస్ పాలిడస్ అనే చోట పేరుకుంటుంది. పార్కిన్సన్ వ్యాధిలో దెబ్బతినేది ప్రధానంగా వేరే చోటు. అందుకే అక్కడ పనిచేసే లెవోడోపా మందు ఇక్కడ చాలామందికి పెద్దగా పనిచేయదు.

కూపర్ గమనించిన మరో సంగతి తలుచుకుంటే గుండె మండుతుంది. తొలి లక్షణాలు కనబడగానే ధూళికి దూరమైనవాళ్లు తేరుకున్నారు. ఆలస్యమైనవాళ్లు అవిటివాళ్లుగానే మిగిలారు. 1837లోనే తెలిసిన సంగతి ఇది! అయినా 1955లో మొరాకో గనుల నుంచి అదే కథ వచ్చింది. చిలీ గనికార్మికుల్లోనైతే జబ్బు ముందు మనసును పట్టింది. కారణం లేకుండా నవ్వడం, ఏడవడం, తిక్కచేష్టలు. అక్కడివాళ్లు దాన్ని మాంగనీసు పిచ్చి అన్నారు. నడక పోవడం ఆ తర్వాత.

మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది 1890లలో, నేటి విజయనగరం ప్రాంతంలోనే. ఖనిజం పిండిచేసే చోటా, గాలి ఆడని గదుల్లో వెల్డింగ్ పొగలోనూ ఈ ప్రమాదం నేటికీ ఉంది. మీ ఇంట్లో అలాంటి పనిచేసే మనిషి నడక మారినా, మాట తగ్గినా, ఊరికే కంటతడి పెట్టినా తాగుడనో వయసనో అనుకోకండి. నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఆయన అడగకపోయినా ఏం పని చేస్తాడో చెప్పండి. అన్నిటికన్నా ముందు ఆ ధూళి నుంచి, ఆ పొగ నుంచి బయటికి తెచ్చుకోండి.