జ్వాలాపురం బూడిద, అణుయుద్ధపు పొగ

నంద్యాల జిల్లా బనగానపల్లె ప్రాంతంలో జుర్రేరు అనే చిన్న ఏరు ఉన్నది. దాని లోయలో, జ్వాలాపురం వద్ద, మట్టి పొరల నడుమ తెల్లని పొర ఒకటి కనబడుతుంది. గిన్నెలు తోమే పొడిలో కలపడానికి దానిని తవ్వి అమ్ముకున్నవారూ ఉన్నారు. అది ఈ నేలలో పుట్టినది కాదు. సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు పైకెగసి, బంగాళాఖాతం దాటి వచ్చి పడిన బూడిద. వాననీరు వాలుల మీదినుండి పల్లానికి చేర్చినందువల్ల కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా పేరుకొన్నది.

ఈ బూడిదకూ అణుయుద్ధానికీ సంబంధమేమిటని విద్యార్థులు అడుగవచ్చును. మీదికెగసిన పదార్థం ఎండను అడ్డగిస్తే క్రింది పైరు ఏమవుతుంది? రెండింటి విషయంలోనూ ప్రశ్న ఇదే.

1945లో హిరోషిమా తరువాత చాలాకాలం శాస్త్రజ్ఞులు అణుబాంబు పేలుడును, వేడిమిని, రేడియోధార్మికతను గూర్చియే ఎక్కువగా ఆలోచించినారు. తగలబడే పట్టణాల పొగను అంతగా పట్టించుకోలేదు. 1982లో పాల్ క్రుట్జెన్, జాన్ బర్క్స్ ఆ పొగ వల్ల మిట్టమధ్యాహ్నమే మునిమాపు కాగలదని ఒక వ్యాసంలో చూపినారు. మరుసటి ఏడు టర్కో, టూన్, ఏకర్మన్, పొలాక్, సేగన్ అనే అయిదుగురు లెక్కలు కట్టి ‘అణు శీతకాలం’ అనే మాటను లోకానికి పరిచయం చేసినారు. వీరిలో కొందరు అంతకు ముందు కుజగ్రహం మీది దుమ్ము తుపానులను పరిశీలించినవారు. కుజుని దుమ్ము మన పొలాల విషయంలో అక్కరకు రావడం చిత్రమే!

ఆనాటి లెక్కలు మోటువి. గాలినంతటినీ ఒక నిలువు స్తంభంగా భావించి, సముద్రాల వెచ్చదనాన్ని విడిచిపెట్టినవి. 1986లో థాంప్సన్, ష్నైడర్ చలి అంత తీవ్రంగా ఉండదని వాదించినారు. తిరిగి 2007లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయపు ఎలన్ రోబాక్ బృందం సముద్రాలను కూడ లెక్కలోకి తీసుకొన్నది. భారత, పాకిస్తాన్ నగరాల మీద హిరోషిమా బాంబు వంటివి 100 పడి, 50 లక్షల టన్నుల మసి పైకి చేరితే భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 1.25 డిగ్రీలు తగ్గుతుందని తేలినది. చిన్న సంఖ్యే అనిపిస్తుంది. కాని 1991లో పినతుబో అగ్నిపర్వతం పేలినప్పుడు తగ్గినది సుమారు అర డిగ్రీయే.

అగ్నిపర్వతానికీ మసికీ ముఖ్యమైన తేడా ఇక్కడ ఉన్నది. అగ్నిపర్వతపు గంధక వాయువు నుండి ఏర్పడే సన్నని తుంపరలు ఎండను వెనుకకు త్రిప్పికొట్టి, ఒకటి రెండేండ్లలో దిగిపోతాయి. మసి నల్లనిది. అది ఎండను పీల్చుకొని, తన చుట్టూ ఉన్న గాలిని వేడి చేసి, ఆ వేడిగాలితో పాటు తానూ ఇంకా పైకి లేస్తుంది. వాన మేఘాలకు అందని ఎత్తుకు చేరిన తరువాత దానిని కడిగివేసేది ఏదీ లేదు. అందుచేత ఏండ్ల తరబడి నిలుస్తుంది. అంత మసి నిజంగా పైకి చేరునా అన్న విషయమై వాదం తీరలేదు. 2018లో లాస్ అలమోస్ ప్రయోగశాల వారు చాలా తక్కువే చేరుతుందని లెక్క కట్టినారు.

పంటల లెక్క తరువాత వచ్చినది. 2013లో లిలి షియా, రోబాక్ చైనా వరిని పరిశీలించి, అటువంటి యుద్ధం తరువాత మొదటి నాలుగేండ్లు దిగుబడి సగటున 21 శాతం తగ్గగలదన్నారు. పొట్టదశలో చలి తగిలితే పుప్పొడి చెడి వెన్ను నిండా తాలు గింజలే మిగులుతాయని రైతుకు వేరే చెప్పనక్కరలేదు. 2022లో షియా బృందం మరింత పెద్ద యుద్ధాలను లెక్కించినది. భారత, పాకిస్తాన్‌ల మధ్య యుద్ధం వల్ల 200 కోట్లకు పైగా, అమెరికా, రష్యాల మధ్య యుద్ధం వల్ల 500 కోట్లకు పైగా జనం ప్రధానంగా ఆకలితోనే చనిపోవచ్చునని తేల్చినది.

మన ప్రాంతానికి చలి కంటె వాన ముఖ్యం. ఎండకు నేల సముద్రం కంటె త్వరగా వేడెక్కడం వల్లనే నైరుతి గాలి మనవైపు వీస్తుంది. మసి ఎండను అడ్డగిస్తే నేలే ముందుగా చల్లబడి, ఆ గాలి బలహీనపడుతుంది. సున్నిపెంట పక్కన శ్రీశైలం జలాశయం 885 అడుగులకు నిండాలంటే ఎక్కడో మహాబలేశ్వరం కొండల మీద ఆ వాన కురవవలె.

ఇక జ్వాలాపురం. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడకు చెందిన రవి కోరిశెట్టర్ మొదలైనవారు అక్కడ త్రవ్వి, 2007లో ఫలితాలు ప్రకటించినారు. బూడిదకు క్రిందా, పైనా దొరికిన రాతి పనిముట్లు దాదాపు ఒకే తీరున ఉన్నవి. అనగా తోబా తరువాత కూడ ఈ లోయలో మనుషులు బతికినారు. 2009లో మార్టిన్ విలియమ్స్ బృందం మాత్రం మధ్య భారతంలో అడవులు పలుచబడి గడ్డి పెరిగినదని చూపినది.

ఇది పాఠంలో చెప్పగా ఒక విద్యార్థి, “అయితే మనమూ బతుకుతాము కదండీ” అన్నాడు. ఆనాటివారు కొద్దిమంది. వేట, దుంపలు, పండ్లు వారి ఆహారం. ఒకచోట దొరకకపోతే మరొక చోటికి నడిచిపోయేవారు. నంద్యాల ఆయకట్టు రైతు ఆ పని చేయలేడు. నారుమడి పోసుకొని, పోతిరెడ్డిపాడు నుండి ఎప్పుడు నీరు వదులుతారా అని కాలువ వైపు చూస్తూ ఉంటాడు.