గోరుచుట్టు: ఒక చిన్న చరిత్ర

గోరుచుట్టుపై రోకటిపోటన్న సామెతను తరగతిలో ఎన్నో ఏళ్ళు వివరించాను గాని, అర్థం తెలిసింది మొన్ననే. ఇక్కడ లాల్‌గడి మలక్‌పేట్‌లో ఇంటి అరుగుమీద కూర్చుని కాలిబొటనవేలి గోటి మూలను బ్లేడుతో లోతుగా తీశాను. వారం తిరగకముందే చెప్పు తొడగలేకపోయాను.

కూర్చున్నచోటే సుశ్రుతసంహిత తిరగేశాను. నిదానస్థానంలో, క్షుద్రరోగాల నడుమ, 'చిప్పం' ఉంది. వాతపిత్తాలు గోటి మాంసాన్ని ఆశ్రయించి నొప్పి, మంట, పాకం కలిగిస్తాయట. (రోగం క్షుద్రమే, నొప్పి కాదు!) వేడినీటితో తడిపి, కోసి, చీము కార్చి, తైలం రాసి, గుగ్గిలపు పొడి చల్లి కట్టు కట్టమంటుంది చికిత్సాస్థానం. గోరే మాంసంలోకి దిగుతుందన్న ఊసు మాత్రం ఆ లక్షణంలో లేదు. మన తెలుగు మాటా అంతే. గోటి చుట్టూ వాచినదల్లా గోరుచుట్టే. కారణం మాటలో కనబడదు.

గోటి అంచును మొదలుతో సహా కోసి తీసే వినోగ్రాడ్ పద్ధతి 1929 నాటిది. 1945లో ఓటో బోల్ ఆ మొదలును ఫినాల్‌తో కాల్చే మార్గం చూపాడు. నాకు జరిగింది ఈ రెండవదే. మూల కోసినప్పుడు లోపల మిగిలిన ములుకే పెరిగి మాంసంలో గుచ్చుకుంటుందనీ, గోటిని అడ్డంగా తిన్నగా కత్తిరించాలనీ, మధుమేహులు సొంతవైద్యం జోలికే పోరాదనీ వైద్యులు చెప్పారు.

ఆ పూటే బ్లేడు పారేశాను. మా శ్రీమతికి మధుమేహం.