పులికాట్ పేరు కట్టుకున్న గుడ్డ

తిరుపతిలో ఒక పెళ్లికి మలేసియా నుంచి మాకు దూరపు చుట్టం ఒకాయన వచ్చాడు. వాళ్ల తాతలు పేరాక్‌లోని బాగన్ దాతో తోటలకు పోయి అక్కడే ఉండిపోయారు. పొద్దున్నే స్నానం చేసి, గళ్ల లుంగీ చుట్టుకొని వసారాలో కూర్చున్నాడు. "లుంగీ భలే ఉందే మామా, ఏడ కొన్నావు?" అన్నాను. "లుంగీ అంటావేందబ్బా, ఇది పెలికాట్" అన్నాడు.

మలయ్ భాషలో గళ్ల లుంగీని 'కాయిన్ పెలికాట్' అంటారు. కాయిన్ అంటే గుడ్డ. మరి పెలికాట్ అంటే? మామకు తెలియదు. తెల్లారి సూళ్లూరుపేట మీదుగా పులికాట్ సరస్సు గట్టుకు తీసుకుపోయి, ఇదిగో నీ లుంగీకి పేరు పెట్టిన నీళ్లు అని చూపించాను. నమ్మలేదు. మలయ్ నిఘంటువులు మాత్రం నా పక్షమే.

చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం మనవైపే ఉంది. ఒకప్పుడు డచ్చివాళ్ల కోట ఉండిన పులికాట్ ఊరు మాత్రం దక్షిణం కొసన తమిళనాడులోకి పోయింది, అక్కడ దాని పేరు పళవేర్కాడు. ఇక్కడివాళ్ల నోట ఇది ప్రళయకావేరి. స.వెం. రమేశ్ కథల పుస్తకానికి పెట్టుకున్న పేరు కూడా అదే.

విజయనగర రాజుల కాలానికే ఆ ఊరు పెద్ద రేవు. 16వ శతాబ్దం మొదట్లో దువార్తె బర్బోసా అనే పోర్చుగీసువాడు, ఇక్కడి రంగు బట్టలు మలక్కాకు, పెగుకు, సుమత్రాకు పోతున్నాయని రాసిపెట్టాడు. నాకు మోజు మాత్రం ఆ తర్వాతి వందేళ్ల మీద.

డచ్చివాళ్లకు కావలసింది మొలక్కా దీవుల లవంగం, జాజికాయ. ఆ దీవులవాళ్లు అడిగింది బట్ట. అందుకే హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి అధికారి 1612లో, కోరమాండల్ తీరం మొలక్కాకు ఎడమచెయ్యి లాంటిదని తేల్చాడు. అప్పటికి రెండేళ్ల ముందే, చంద్రగిరి, వేలూరుల నుంచి ఏలిన వెంకటపతి రాయలు వాళ్లకు పులికాట్‌లో కొట్టు పెట్టుకోనిచ్చాడు. 1612లో శాంథోమ్‌లో ఉన్న పోర్చుగీసువాళ్లు వచ్చి దాన్ని నాశనం చేశారు. మరుసటేడే గెల్డ్రియా కోట లేచింది. కోటలో తుపాకిమందు తయారయ్యేది. రేవులో బట్టల మూటలతో పాటు బానిసలుగా అమ్ముడుపోయిన మనుషులనూ ఓడలెక్కించారు. లుంగీ కథ ముచ్చటగా చెప్పేవాళ్లు ఈ మాట మింగేస్తారు, మింగకూడదు.

డచ్చివాళ్లకూ మగ్గానికీ మధ్య తెలుగు చెట్టి వర్తకులు నిలబడ్డారు. అచ్యుతప్ప చెట్టి, అతని తమ్ముడు చిన్నన్న అందులో మేటి, సొంత ఓడలు నడిపినవాళ్లు. వ్యాపారి బయానా ఇస్తాడు, సాలెవాడు పడుగు పోస్తాడు, దూరదేశం కోరిన కొలతకూ గడికీ పేక కొడతాడు. ఎరుపు రంగు చిరివేరుది. ఇసుక నేలలో పెరిగే చిన్న మొక్క. వేరు తవ్వి, ఎండబెట్టి, దంచి ఉడికిస్తే వచ్చే ఆ ఎరుపు ఎన్ని ఉతుకులకూ వదలదు.

ఇంగ్లీషువాళ్లకు ఇక్కడ చోటు దొరకలేదు. 1626లో సరస్సుకు ఉత్తరాన దుగ్గరాజపట్నంలో దిగి, దానికి ఆర్మగాన్ అని పేరు పెట్టుకున్నారు. వ్యాపారం సాగక 1639లో ఫ్రాన్సిస్ డే దక్షిణాన చోటు వెతుక్కున్నాడు. ఆ చోటే మద్రాసు. దుగ్గరాజపట్నంలో బేరం గిట్టుంటే తెలుగునాడు రాజధాని కోసం ఆ తర్వాత పడ్డ పాట్లు తప్పేవేమో!

1690లో డచ్చివాళ్లు పెద్ద కచేరీని నాగపట్నానికి మార్చారు. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషువాళ్లు కోట పడగొట్టారు. 1825లో ఊరే వాళ్లదైంది. ఈలోగా స్కాట్లండ్‌లో గ్లాస్గో చుట్టుపక్కల సాలెవాళ్లు 'పల్లికేట్' అనే రుమాళ్లు నేయడం మొదలుపెట్టారు. మన నేత పోయి, మన పేరు వాళ్ల మగ్గమెక్కింది. 1868లో జర్మన్ రసాయనవేత్తలు గ్రేబె, లీబర్‌మన్ ఎర్ర రంగును తారు సరుకుతో తయారు చేశాక చిరివేరు తవ్వేవాడికి పని లేకుండా పోయింది. కోట పోయినందుకు నాకు బాధ లేదు గానీ, ఆ ఎరుపు పోయినందుకు ఉంది.

ఇప్పుడు పళవేర్కాడులో మిగిలింది డచ్చివాళ్ల శ్మశానం. వాకిలికి అటూ ఇటూ రాతిలో చెక్కిన అస్థిపంజరాలు, లోపల సమాధుల మీద వంశచిహ్నాలు, పుర్రెలు. పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే 1897లో ఇలాంటి డచ్చి కట్టడాల మీద ఏకంగా పుస్తకమే వేశాడు. కొన్నవాడికి ఇంత చెక్కుడు రాయి దొరికింది. నేసినవాడికి గులకరాయి కూడా లేదు. గోదావరి మీద ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకు ఆ జిల్లాల్లో ఊరూరా విగ్రహాలున్నాయి కదా, మన సాలెవాడు ఏం పాపం చేశాడు?

సూళ్లూరుపేట పెద్దలకు నా విన్నపం ఒకటే. కాళంగి ఒడ్డున ఒక రాతి మగ్గం పెట్టించండి. పడుగు, పేక, నాడె, పాదాల దగ్గర ఒక చిరివేరు మొక్క. ఫలకం మీద తెలుగుతో పాటు మలయ్‌లోనూ రాయించండి. వచ్చే పెళ్లికైనా మా మామ నా మాట నమ్మాలి.