పీవీ రాసిన కరీంనగర్ నవల

పీవీ నరసింహారావు పేరెత్తితే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఠక్కున గుర్తొచ్చేది 1991. లైసెన్సులు పోవడం, మన్మోహన్ సింగ్, ఆ తర్వాత మన ఉద్యోగాలు. ఇంకాస్త తెలిసినవాళ్ళు ఆయన అరవై దాటాక కంప్యూటర్ నేర్చుకుని ప్రోగ్రాములు కూడా రాశారని చెప్తారు. 2024లో భారతరత్న ఇచ్చినప్పుడు కూడా ఎక్కువగా వినబడింది ఈ కబుర్లే. కానీ ఆయన ఇంగ్లీషులో ఒక లావుపాటి నవల రాశారని, అందులో 1991 ఊసే లేదని ఎంతమందికి తెలుసు?

ఆ నవల 'ది ఇన్‌సైడర్'. 1998లో వచ్చింది. కల్లూరి భాస్కరం గారు 'లోపలి మనిషి' పేరుతో తెలుగు చేశారు. అఫ్రోజాబాద్ అనే ఊహా రాష్ట్రం, ఆనంద్ అనే కుర్రాడు. రాజుగారి పాలనలో పల్లెటూళ్ళో పుట్టి, బాగా చదువుకుని, ఉద్యమంలో తిరిగి, ఎమ్మెల్యే అయి, ముఖ్యమంత్రి కూడా అయి, 1973లో దిగిపోతాడు. కథ అక్కడితో ఆగిపోతుంది. నెహ్రూ, ఇందిర అసలు పేర్లతోనే కనిపిస్తారు. రాష్ట్ర నాయకులకి మాత్రం మారుపేర్లు.

దాంతో వచ్చిన చిక్కేంటంటే, పుస్తకం రాగానే అందరూ పొడుపుకథ విప్పడం మొదలెట్టారు. ఈ మహేంద్రనాథ్ ఎవరు, ఆ చౌధురి ఎవరు, ఆ ప్రేమకథలో ఆవిడెవరు... ఆ ముచ్చట తీరిపోయాక పుస్తకాన్ని అటకెక్కించారు. చదివించే గుణం తక్కువన్న మాట కూడా నిజమే. పాత్రలు మాట్లాడుకోవాల్సిన చోట ఉపన్యాసాలిస్తాయి. సగంలో వదిలేసినవాళ్ళని నేను తప్పుపట్టను.

అయినా ఓపిక పట్టమనే అంటాను. ఎందుకంటే పేర్ల గొడవ పక్కనపెడితే ఇది భూమి గురించిన నవల. అఫ్రోజాబాద్ అని రాసినా చదువుతుంటే నాకు కనబడింది మన కరీంనగరే.

ఆయన నేపథ్యం చూడండి. పీవీ వంగరలో బాగా భూములున్న ఇంటికి దత్తత వెళ్ళారు. 1957 నుంచి 1972 దాకా మంథని నుంచి వరసగా నాలుగుసార్లు గెలిచారు. (ఇప్పుడు వంగర హనుమకొండ జిల్లాలో, మంథని పెద్దపల్లి జిల్లాలో ఉన్నాయి కానీ, అప్పట్లో రెండూ కరీంనగరే.) అంటే దొరల వైపు పుట్టి, దొరల ఓట్లు, వాళ్ళ కింద బతికేవాళ్ళ ఓట్లు రెండూ అడుక్కున్న మనిషి. భూసంస్కరణల గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. లోపల కూర్చున్న భూస్వామి రాసినవి ఎన్ని ఉన్నాయి?

కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. నిజాం పోయాక, 1950లో హైదరాబాద్ కౌలు చట్టం వచ్చింది. కౌలుదారుకి హక్కులు ఇచ్చింది, 'రక్షిత కౌలుదారు' అనే పేరూ పెట్టింది. కాకపోతే ఆ పేరు రిజిస్టరులో ఎక్కాలి. రిజిస్టరు పట్వారీ దగ్గర. పట్వారీ దొర గడీలో. ఇంక చెప్పేదేముంది! 1961లో భూపరిమితి చట్టం వచ్చింది. భూమి రకాన్ని బట్టి పరిమితి 27 నుంచి 324 ఎకరాల దాకా. అంత వదులుగా ఉన్నా, ముందే కబురందిన వాళ్ళు కొడుకులు, అల్లుళ్ళు, జీతగాళ్ళ పేర్ల మీదకి రాయించేసుకున్నారు. మిగులు భూమి కాగితం మీద మాయమైంది.

ఇదంతా దగ్గర్నుంచి చూసిన పీవీ 1971 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయ్యాక వేరే పద్ధతి పట్టారు. చట్టం కన్నా ముందు 1972 మే 2న వ్యవసాయ భూముల బదిలీలు ఆపేస్తూ ఆర్డినెన్సు తెచ్చారు. మన భాషలో చెప్పాలంటే కోడ్ ఫ్రీజ్. 1971 జనవరి 24 తర్వాత జరిగిన బదిలీలు పరిమితిని తప్పించుకోడానికి చేసినవేమోనని చూసే ఏర్పాటు కూడా తర్వాతి చట్టంలో పెట్టారు. అయిదుగురి కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. కన్నాలు ఎక్కడుంటాయో తెలిసిన మనిషి రాయించిన చట్టమని తెలిసిపోతుంది. తన మిగులు భూమి కూడా ఆయన వదులుకున్నారు.

మరి ఏమైంది? 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనల మీద సుప్రీంకోర్టు తీర్పు, దాని వెనక జై ఆంధ్ర ఉద్యమం, 1973 జనవరిలో పీవీ రాజీనామా, రాష్ట్రపతి పాలన. ఆ ఉద్యమానికి భూస్వాముల కోపం ఎంతవరకు కారణమనేది ఇప్పటికీ వాదనే. చట్టం మాత్రం 1975 జనవరి 1న గానీ అమల్లోకి రాలేదు. సర్దుకోడానికి టైమ్ దొరికిందన్నమాట.

నవలలో నాకు నచ్చింది ఈ సర్దుబాటుని చూపించిన తీరు. భూసంస్కరణ వద్దని ఎవడూ అనడు. అందరూ పేదల పక్షమే. సభలో చప్పట్లు కొట్టినవాళ్ళే సాయంత్రం వచ్చి ఒక చిన్న మినహాయింపు అడుగుతారు.

నవల ఆగిన చోట కరీంనగర్ ఆగలేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర. వెట్టి, దండుగలు, భూమి - అవే మాటలు ఊరేగింపులో వినబడ్డాయి. ఆ ఏడాదే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల్ని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న పక్కనే ఆదిలాబాద్‌లో ఇంద్రవెల్లి కాల్పులు. అక్కడా తగాదా భూమి మీదే. 1940లో కొమురం భీం చనిపోయాక హైమండార్ఫ్ సలహాల మీద గోండులకి పట్టాలిచ్చారు. ఆయనే 1970ల్లో తిరిగొచ్చి చూస్తే చాలా భూములు చేతులు మారిపోయి ఉన్నాయి.

ఇక్కడే నాకు పీవీ మీద కాస్త ఫిర్యాదు. 'ఇన్‌సైడర్'లో దున్నేవాడి గొంతు బాగా తక్కువ. ఆయనకి రాయడం చేతగాక కాదు. 1949లో కాకతీయ పత్రికకి రాసిన 'గొల్ల రామవ్వ' కథలో, ఉద్యమంలో ఉన్న కుర్రాణ్ణి పోలీసుల నుంచి కాపాడే ముసలమ్మే కథానాయిక. అలాంటి మనిషి ఈ పెద్ద నవలలో కనబడదు. అందుకే దీన్ని ఒంటరిగా చదవొద్దంటాను. మంథని వైపు నుంచే వచ్చిన అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' పక్కన పెట్టుకోండి. ఒకటి సెక్రటేరియట్ లోంచి, ఇంకొకటి పొలం గట్టు మీంచి. రెండూ కలిస్తే గానీ జిల్లా చరిత్ర పూర్తి కాదు.

పాత కథ కదా, మనకెందుకు అంటారా? పట్వారీ వ్యవస్థని 1984లో ఎత్తేశారు. రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కాయి. 2020లో ధరణి పోర్టల్ వచ్చింది. అందులో పట్టాదారు పేరుంది, సాగు చేసే అనుభవదారు కాలమ్ లేదని ఎంత గోలైందో గుర్తుందిగా. 2025లో దాని బదులు భూభారతి వచ్చింది. 1950లో పట్వారీ రిజిస్టరులో పేరు రాయకపోవడానికీ, మన కాలంలో డేటాబేస్‌లో ఒక కాలమ్ లేకపోవడానికీ కౌలురైతు దృష్టిలో తేడా ఏముంది? ఆ పని అప్పుడు పట్వారీ చేశాడు. ఇప్పుడు రిక్వైర్‌మెంట్స్‌లో లేదని మనలాంటి వాడెవడో చేసి ఉంటాడు, పేదవాడి మీద ఏ కోపమూ లేకుండానే.

'లోపలి మనిషి' అంటే ముఖ్యమంత్రి ఒక్కడే అనుకోనక్కర్లేదు. ఆ పుస్తకం చదివాక టేబుల్ డిజైన్ చేసేవాడు కూడా లోపలి మనిషేనని నాకు తెలిసొచ్చింది.