దూరాన్ని కాలంతో భాగించడం: పాఠశాలలో వడి కొలత – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
వడి అంటే దూరాన్ని కాలంతో భాగించగా వచ్చేదని ఏడవ తరగతిలో ఒక పీరియడ్‌లో బోధిస్తున్నాం. దూరం, కాలం భిన్నజాతి రాశులు. వాటి మధ్య భాగహారం శాస్త్రచరిత్రలో అంత తేలికగా స్థిరపడలేదు. గెలీలియో వాలుతల ప్రయోగం, భారతీయ గణితంలోని త్రైరాశికం, వైశేషికుల వేగభావన ఆధారంగా తరగతి గదిలో వినిపించే రెండు మాటల నేపథ్యాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వడి, వేగం, గెలీలియో, నిష్పత్తి, త్రైరాశికం, వైశేషికం, పాఠ్యపుస్తక పరిభాష.

1. ఉపోద్ఘాతం

ఎన్‌సీఈఆర్‌టీ ఏడవ తరగతి విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకంలో చలనం, కాలం అనే పాఠం కింద చాలాకాలం ఒక కృత్యం ఉండేది. నేల మీద సుద్దతో ఒక గీత గీయాలి. గీతకు ఒకటి రెండు మీటర్ల దూరంలో నిలబడి ఒకరు బంతిని మెల్లగా దొర్లించాలి. బంతి గీత దాటిన క్షణం నుంచి ఆగేవరకు పట్టిన కాలాన్ని, అది సాగిన దూరాన్ని కొలిచి, రెండవదాన్ని మొదటిదానితో భాగించి పట్టికలో రాయాలి. బంతి ఆగేదాకా కొలుస్తున్నాం కనుక లభించేది సగటు వడి మాత్రమే.

పాఠ్యపుస్తకాల పరిభాషను పరిశీలించే పనిలో భాగంగా ఒక ఉన్నత పాఠశాలలో ఈ పాఠం జరుగుతుండగా చివరి బెంచీలో కూర్చున్నాను. పట్టిక నింపుతూ ఒక బాలిక "మీటర్లను సెకన్లతో ఎట్లా భాగిస్తాం సార్?" అని అడిగింది. బంతి ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు మరో విద్యార్థి "దాంట్లో వేగం అయిపోయింది సార్" అన్నాడు. ఉపాధ్యాయుడు సూత్రాన్ని మరోసారి బోర్డు మీద రాసి ముందుకు సాగాడు. పీరియడ్ నిడివి తెలిసినవారెవరూ ఆయనను తప్పుపట్టరు. అయితే ఆ రెండు మాటలకూ సుదీర్ఘమైన చరిత్ర ఉంది.

2. గెలీలియో భాగించలేదు

1638లో లైడెన్‌లో అచ్చయిన 'రెండు నూతన శాస్త్రాలు' గ్రంథంలోని మూడవ దినంలో గెలీలియో తన ప్రయోగాన్ని వర్ణించాడు. పన్నెండు మూరల పొడవైన కొయ్యదూలం, దాని అంచు మీద వేలి వెడల్పు కంటే కొంచెం ఎక్కువ వెడల్పున్న గాడి, గాడిలో నునుపైన చర్మపత్రం, దానిపై దొర్లే గట్టి కంచు గుండు ఇందులోని సామగ్రి. దూలం ఒక కొనను ఒకటి రెండు మూరలు ఎత్తి గుండును వదిలాడు. కాలాన్ని కొలవడానికి ఎత్తున పెట్టిన పెద్ద నీటిపాత్ర అడుగున సన్నని గొట్టం అమర్చి, గుండు దొర్లినంతసేపు కారిన నీటిని చిన్న పాత్రలో పట్టి, సున్నితమైన త్రాసులో తూచాడు. మొత్తం నిడివిలో నాలుగవ వంతు దూరానికి పట్టే కాలం సరిగ్గా సగమని, నూరుసార్లు చేసినా ఇదే తేలిందని చెప్పాడు.

ఈ కచ్చితత్వాన్ని 1953లో అలెగ్జాండర్ కోయ్రే తీవ్రంగా శంకించాడు. గెలీలియోకు అందుబాటులో ఉండదగిన పరికరాలతోనే థామస్ సెటిల్ ఈ ప్రయోగాన్ని మళ్ళీ చేసి, అటువంటి ఫలితాలు సాధ్యమేనని 1961లో 'సైన్స్' పత్రికలో నిరూపించాడు. ఆ వివాదం అంతటితో సడలింది గాని, దాని హోరులో మరో విషయానికి రావలసినంత ప్రాధాన్యం రాలేదని నా అభిప్రాయం. ఈ వర్ణనలో ఎక్కడా వడికి ఒక సంఖ్య లేదు. నీటి బరువును నీటి బరువుతో, దూరాన్ని దూరంతో పోల్చాడు. ఆ రెండు నిష్పత్తులను ఒకదాని పక్కన ఒకటి నిలిపాడు. మూరలను నీటి బరువుతో భాగించలేదు.

ఇది అలవాటు కాదు, నియమం. యూక్లిడ్ అయిదవ పుస్తకంలోని మూడవ నిర్వచనం ప్రకారం నిష్పత్తి అనేది సజాతి రాశుల మధ్యనే ఉంటుంది. గీతకు గీతతో నిష్పత్తి ఉంటుంది, కాలంతో ఉండదు. సమచలనం గురించి గెలీలియో రాసిన సిద్ధాంతాలన్నీ ఈ కట్టుబాటులోనే నడిచాయి. లైబ్నిజ్ కలనగణితాన్ని స్వీకరించి, వడిని దూరకాలాల సూక్ష్మభేదాల భాగఫలంగా రాసినవాడు పియెర్ వారిన్యాఁ. 1698–1700 ప్రాంతంలో పారిస్ అకాడమీకి సమర్పించిన పత్రాలలో ఆయన ఈ పద్ధతిని ప్రవేశపెట్టాడు. అయినా అభ్యంతరం తొలగలేదు. 1743 నాటి గతిశాస్త్ర గ్రంథంలో దాలంబేర్, దూరం, కాలం వంటి భిన్నస్వభావాలు గల వాటిని పరస్పరం పోల్చలేమని, కాలభాగాల నిష్పత్తిని దూరభాగాల నిష్పత్తితో మాత్రమే పోల్చగలమని వివరించవలసి వచ్చింది. ఆ బాలిక అడిగినదీ అదే.

3. త్రైరాశికం

భారతీయ గణితంలో ఈ అభ్యంతరం ఈ రూపంలో ఎదురుకాదు. ఆర్యభటీయం (499) గణితపాదంలోని త్రైరాశిక సూత్రం ప్రకారం ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించాలి. మూడు రోజుల్లో పన్నెండు యోజనాలు నడిచినవాడు ఏడు రోజుల్లో ఎంత నడుస్తాడన్న లెక్కలో పన్నెండును ఏడుతో గుణిస్తాం, మూడుతో భాగిస్తాం. ఇరవై ఎనిమిది యోజనాలని తేలుతుంది. మధ్యలో వచ్చే ఎనభై నాలుగు దేనికి సంఖ్య అని ఎవరూ అడగరు. రోజుకు నాలుగు యోజనాలన్న మాట పలకకుండానే లెక్క పూర్తవుతుంది. గ్రహాల దినగతిని 'భుక్తి' అన్న జ్యోతిషులకు మాత్రం, కాలప్రమాణం ఒక రోజుగా స్థిరపడి ఉన్నందున, వడికి సన్నిహితమైన భావన దక్కింది.

ఈ సంప్రదాయం తెలుగుకు దూరమైనది కాదు. తొమ్మిదవ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుని 'గణితసారసంగ్రహం' త్రైరాశిక ప్రకరణంలో ముందుకు, వెనుకకు సాగే గతుల లెక్కలున్నాయి. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెనిగించాడు. పద్యగణితాన్ని భాషాచరిత్రకు ఆకరంగా చూసినంతగా భావచరిత్రకు ఆకరంగా మన శాఖల్లో చూడలేదు.

4. వేగం, వడి

ఇక రెండవ విద్యార్థి మాట. వైశేషిక దర్శనంలో వేగం అనేది నిష్పత్తి కాదు, గుణం. సంస్కారం మూడు విధాలు: వేగం, భావన, స్థితిస్థాపకం. క్రియ వల్ల ద్రవ్యంలో పుట్టి, తరువాతి క్రియలను పుట్టించేది వేగం. ఆంధ్రదేశీయుడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలోనూ ఇదే విభాగం కనిపిస్తుంది. "దాంట్లో వేగం అయిపోయింది" అన్న బాలుడు తెలియకుండానే ఆ పాత అర్థాన్ని పలికాడు.

నేటి పాఠ్యపుస్తకాలు దిశతో పనిలేని రాశికి వడి అని, దిశ కూడా గల రాశికి వేగం అని పేర్లు పెట్టాయి. వాడుకలో వడివడిగా నడిచేవాడూ, వేగంగా నడిచేవాడూ ఒకడే. అందువల్ల ఈ భేదాన్ని భాష ఇవ్వదు, నిర్వచనమే ఇవ్వాలి. ఛందస్సు చెప్పే మాకు మరో ఇబ్బంది కూడా ఉంది: యతికీ వడి అనే పేరుంది. ఒకే మాట పరుగుకూ, విరామానికీ చెల్లుతోంది. అయినా సాంకేతికపదంగా వడి ఎంపిక మంచిదే అనిపిస్తుంది. దర్శనాల బరువు మోయని దేశ్యపదం కనుక కొత్త నిర్వచనానికి సులువుగా ఒదుగుతుంది. వేగం అలా ఒదగదు.

5. తరగతి గదిలో

నిలువునా చీల్చిన ప్లాస్టిక్ గొట్టం, గోలీ, అడుగున చిల్లు పెట్టిన సీసా, త్రాసు ఉంటే గెలీలియో ప్రయోగానికి సరిపోతాయి. సీసాలో నీటిమట్టం పెద్దగా తగ్గకుండా చూసుకోవాలి, గొట్టం వాలు స్వల్పంగా ఉండాలి. మొత్తం నిడివికి ఒకసారి, నాలుగవ వంతుకు ఒకసారి నీరు పట్టి తూచమనాలి. సెకను అక్కరలేదు, భాగహారమూ అక్కరలేదు. దూరాలది ఒక నిష్పత్తి, బరువులది ఒక నిష్పత్తి అని పిల్లలు రెండు వరుసలు రాసుకుంటారు. సుద్దగీత, స్టాప్‌వాచ్, వడి అనే మాట ఆ మరుసటి పీరియడ్‌లో వచ్చినా నష్టం లేదు.