పోనీ ఐలాండ్ (వీడియో గేమ్)

పోనీ ఐలాండ్ కెనడాకు చెందిన డేనియల్ మల్లిన్స్ రూపొందించిన కంప్యూటర్ ఆట. ఇది 2016 జనవరి 4న విడుదలైనది. పెద్ద సంస్థల ప్రమేయం లేకుండా తయారయ్యే ఆటలను ఇండీ గేములు అంటారు. వాటిలో హాస్యాన్నీ భయాన్నీ మేళవించిన వాటికి ఇది ఒక ఉదాహరణ. 2014 డిసెంబరులో లుడుమ్ డేర్ అనే ఆటల తయారీ పోటీ కొరకు మల్లిన్స్ దీని తొలి రూపాన్ని తయారుచేశాడు.

ఆట తీరు

పైకి ఇది పొట్టి గుర్రం కంచెలు దూకే పిల్లల ఆట. నిజానికి ఆ ఆటయంత్రం ఆత్మలను బంధించుటకు సైతాను నిర్మించినది. తెర చెదరిపోతుంది, మెనూ మొరాయిస్తుంది. ఆటగాడు ప్రోగ్రాములోని ఆదేశాలను సరిదిద్దుకొంటూ ముందుకు సాగాలి. ఒక ఘట్టంలో మిత్రుడు పంపినట్లు ఒక సందేశం తెరపై కనిపిస్తుంది. అది ఆటగాడి దృష్టి మరల్చుటకు ఆట పన్నిన వల.

తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క కథ మధ్యలో వచ్చి నవ్విస్తారు. అదీ ప్రదర్శనలో భాగమేనని ప్రేక్షకులకు తెలుసు. ఇక్కడ ఏది నిజమైన లోపమో, ఏది కల్పితమో వెంటనే తెలియదు. నవ్వుకూ, భయానికీ అదే మూలం.

ముగింపు

చివరలో ఒక ఆత్మ తమ విముక్తి కొరకు ఈ ఆటను కంప్యూటరు నుండి తొలగించమనీ, మరల ఆడవద్దనీ కోరుతుంది. ఆ కోరికను మన్నించుట ఆటగాడి మనస్సాక్షికే వదిలివేయబడినది. 2021లో విడుదలైన ఇన్‌స్క్రిప్షన్ కూడా మల్లిన్స్ ఇదే ధోరణిలో చేసిన ఆట.